చప్పుడు లేని కంప్రెసర్ కోసం తెనాలికి రెండు ట్రిప్పులు

టీ చల్లారితే చల్లారనివ్వండి, ముందు ఇది వినండి. తెనాలి నడిబజార్లో, మర్యాదస్తుడైన ఒక షాపాయన్ని పట్టుకుని "మోసగాడివి" అని నలుగురి ముందూ అరిచేసి, ఐదు నిమిషాలు తిరక్కుండా ఆయన చేత్తోనే మంచినీళ్ళు అందుకుని తాగిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. మీ ఎదురుగానే కూర్చున్నాను. నాకింకా ఒళ్ళు మండిపోతూనే ఉంది. ఎవరి మీద అని మాత్రం అడక్కండి!

మన బాపట్ల ఇంటి పెరట్లో నాకో రేకుల షెడ్డుంది కదా. ఆఫీసు నుంచి రాగానే చొక్కా మార్చుకుని అందులో దూరతాను. పీటలు, స్టూళ్ళు, పాత రేడియో పెట్టెలకి రంగులు... అదే నా లోకం. గోడకి అవతల టైలర్ ఖాదర్ భాయ్ ఇల్లు. వాళ్ళమ్మాయి షాహీనా పురిటికొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. చూడ్డానికని వెళ్ళానా, ఆ పిల్ల ఇంతలేసి వేళ్ళతో నా బొటనవేలు పట్టుకుంది. అంతే, కరిగిపోయాను!

"అమ్మా షాహీనా, నలభయ్యో రోజు వేడుకకి మీ రేపల్లె అత్తగారి వాళ్ళొచ్చి నిన్ను తీసుకెళ్తారుగా? ఉయ్యాల నాదమ్మా. నా చేత్తో చేసిస్తాను" అనేశాను.

చేశాను కూడా. మంచి టేకు. కమ్ములన్నీ నున్నగా, పాప చెయ్యి ఎక్కడ తగిలినా గీసుకోకుండా. ఇక రంగెయ్యాలి. బ్రష్షుతో వేస్తే చారలు పడతాయి. రేపల్లె వాళ్ళ ముందు చారల ఉయ్యాల పెడతానా? స్ప్రే కొట్టాల్సిందే. రంగు చిమ్మడానికి గాలినిచ్చే నా కంప్రెసర్ ఒక పంక్చర్ షాపాయన దగ్గర సెకండ్ హ్యాండ్లో కొన్నది. స్విచ్ వేస్తే పెరట్లోకి ట్రాక్టర్ వచ్చినట్టుంటుంది. అయినా వేశాను. నిమిషం గడవలేదు, గోడ అవతల పాప కెవ్వుమంది. మెళ్ళో టేపుతో ఖాదర్ భాయ్ గోడ మీంచి తొంగి చూశాడు.

"అన్నగారూ, ఏమనుకోమాకండి. పాప ఇప్పుడే కళ్ళు మూసిందండి. తల్లికి రెండ్రోజుల్నుంచి నిద్దర్లేదు" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఈలోగా వంటింట్లోంచి మా ఆవిడ రాజ్యం వచ్చింది. "ఇంకొక్కసారి ఆ పసిదాన్ని ఏడిపించారంటే ఈ షెడ్డుకి తాళం వేస్తా. కొబ్బరిమట్టలు పెట్టుకోడానికి చోటు లేక చస్తున్నాను!"

"కొత్త కంప్రెసర్ కొంటాను. చప్పుడు లేనిది! ఖాదర్ భాయ్, ఇది నా మాట. పాప ఏడిస్తే షెడ్డు తాళం నేనే తెచ్చి మీ వదినమ్మ చేతిలో పెడతాను" అన్నాను. అడిగారా ఎవరైనా నన్ను అంత మాట అనమని?

బాపట్లలో అడిగితే పెద్దవే ఉన్నాయన్నారు. తెనాలిలో ఒక షాపులో ఇంట్లోకి పనికొచ్చే రకాలు దొరుకుతాయన్నారు. శనివారం పొద్దున్నే పాసింజరుకి బయల్దేరాను. చలికాలం, పైగా రెండ్రోజుల్నుంచి చెవిపోటు. రాజ్యం వెల్లుల్లి రెబ్బలేసి కాచిన కొబ్బరినూనెలో దూది ముంచి, రెండు చెవుల్లోనూ కూరి, పైన మఫ్లర్ చుట్టి ముడేసింది. నేనేమన్నా చంటిపిల్లాణ్ణా? ఆఫీసులో ఇంతమంది చేత నమస్కారాలు పెట్టించుకునే మనిషిని! సర్లే, పొద్దున్నే గొడవెందుకని ఊరుకున్నాను. నిడుబ్రోలు దాటేసరికి ఆ దూది సంగతే మర్చిపోయాను.

తెనాలిలో దిగితే అదేం విడ్డూరమో, ఊరంతా గొణుగుతోంది! రిక్షా అతను గొణుగుతాడు, టిఫిన్ హోటల్లో సర్వరు గొణుగుతాడు. "గట్టిగా మాట్లాడవయ్యా, అన్నం తినలేదా!" అని ఇద్దరు ముగ్గుర్ని కేకలేశాను కూడా.

షాపాయన కళ్ళజోడు, తెల్లచొక్కా, పెద్దమనిషిలాగే ఉన్నాడు. "చప్పుడు లేని కంప్రెసర్ కావాలి!" అన్నాను. ఆయన ఉలిక్కిపడి ఒకడుగు వెనక్కేశాడు. అప్పుడే అనుకున్నాను, ఇతనిలో ఏదో తేడా ఉందని.

మూడు రకాలు చూపించాడు. మొదటిది బెల్టుతో తిరిగేది, భారీగా ఉంది. రెండోది ఎర్రరంగు ట్యాంకు, కింద రెండు చక్రాలు, ముచ్చటగా ఉంది. మూడోది తెల్లగా, చిన్నగా, దేనికీ పనికిరానట్టుంది. ఒక్కోటీ ఆన్ చేయించాను. నేనూరికే నమ్మే రకం కాదు కదా! వంగి, పక్కనే నిలబడి, కళ్ళు మూసుకుని మరీ విన్నాను. మొదటిది ఎక్కడో దూరంగా తుమ్మెద ఎగిరినట్టుంది. రెండోది కూడా అంతే. మూడోది అసలేమీ లేదు.

షాపాయన మూడోదాని మీద చెయ్యేసి నా దగ్గరగా వచ్చి చెప్పాడు. "ఇది పళ్ళ డాక్టర్లు తీసుకెళ్ళే రకమండి. ఆయిల్ ఉండదు, సౌండ్ ఉండదు. మీ అవసరానికి ఇదేనండి కరెక్టు."

రేటు చూస్తే ఎర్రదానికి రెట్టింపు! ఇంక నాకు మండింది.

"నేనేమన్నా పళ్ళు పీకుతున్నానా? దీనికీ దానికీ తేడా ఏంటయ్యా?"

"సౌండండి. ఆ ఎర్రది ఇంట్లో పెడితే ఇబ్బందవుద్దండి."

"ఏదీ సౌండు? ఎక్కడుంది సౌండు? నా చెవులు నా దగ్గరే ఉన్నాయి!"

ఎర్రదాన్ని మళ్ళీ ఆన్ చేయించాను. షాపులో పనిచేసే ఇద్దరు రెండు చెవులూ మూసుకుని మొహాలు చిట్లించారు. ఎంత నాటకమండీ! ఖరీదైన సరుకు అంటగట్టడానికి పనివాళ్ళకి ట్రైనింగ్ కూడా ఇచ్చి పెట్టుకున్నారని లోపల నవ్వుకున్నాను. షాపాయన ఇంకేదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, ఎర్రదే కట్టించుకుని వచ్చేశాను. దారి పొడుగునా నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇంటికొచ్చాక రాజ్యమే మఫ్లర్ విప్పి, దూది తీసి పారేసి, వేణ్ణీళ్ళకి పంపింది. మర్నాడు ఆదివారం. పదిగంటలకి ఖాదర్ భాయ్ని పిలిపించి షెడ్డు గుమ్మంలో కుర్చీ వేశాను. "పాప పడుకుందా? మంచిది. ఇప్పుడు చూడండి" అని స్విచ్ వేశాను.

రేకులు గడగడలాడాయి! మేకుకున్న రంపం ఊగింది! ఈ కొత్తదాని ముందు నా పాతది చాలా నెమ్మదస్తురాలు. నేను స్విచ్ కోసం తడుముకునే లోపే పాప గుక్కపెట్టింది. ఆ ఏడుపు, ఆ ఏడుపు... షాహీనా జోకొడుతూ ఇల్లంతా తిరగడం గోడ ఇవతలకి వినపడుతూనే ఉంది. ఖాదర్ భాయ్ లేచి, కుర్చీ గోడవారగా జరిపి వెళ్ళిపోయాడు. నన్ను తిట్టినా బాగుండును. ఇరవయ్యేళ్ళుగా రంజాన్‌కి సేమ్యా, సంక్రాంతికి అరిసెలు ఇచ్చిపుచ్చుకునే ఇళ్ళు మావి. సిగ్గుతో చచ్చిపోయాను.

వెనక్కి తిరిగితే రాజ్యం తాళంకప్పతో నిలబడి ఉంది. నలభయ్యో రోజుకి ఇంకా ఐదు రోజులే ఉన్నాయి. ఉయ్యాల చూస్తే రంగు లేకుండా బోసిగా ఉంది.

"ఒక్కరోజు ఆగు. ఇందులో మోసం జరిగింది. నాకు చూపించింది ఒకటి, కట్టిచ్చింది ఇంకోటి! ఆ తెనాలి ఆయన అంతు చూస్తాను" అన్నాను.

సోమవారం సెలవు పెట్టాను. చెవిపోటు తగ్గలేదు కాబట్టి మళ్ళీ అదే నూనె, అదే దూది, అదే మఫ్లర్. ఆ ఎర్ర కంప్రెసర్ మోసుకుంటూ పాసింజర్లో నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. షాపులోకి అడుగుపెడుతూనే మొదలుపెట్టాను.

"మోసగాడివయ్యా నువ్వు! మిషను మార్చి కట్టిస్తావా? అవతల చంటిపిల్ల గుక్క తిప్పుకోలేక ఏడిచింది, తెలుసా?"

బజార్లో జనం ఆగిపోయారు. షాపాయన నా ఎర్ర కంప్రెసర్‌ని ప్లగ్గులో పెట్టి ఆన్ చేశాడు. విన్నాను. తుమ్మెద!

"అదిగో! ఇక్కడ మాత్రం చప్పుడు చెయ్యదు! ఏం మంత్రం వేశావు దీనికి?"

పనివాళ్ళిద్దరూ మళ్ళీ చెవులు మూసుకున్నారు. షాపాయన ఆన్‌లోనే ఉంచి నా దగ్గరికొచ్చాడు. ముక్కు ఎగబీల్చాడు. ఇంకాస్త దగ్గరికొచ్చి, నా మఫ్లర్ మీదే నోరు పెట్టినట్టు అరిచాడు.

"సార్! మొన్న కూడా ఇదే వాసనండి! వెల్లుల్లి! చెవిలో ఏమన్నా పెట్టుకున్నారా అండి?"

నా చెయ్యి దానంతటదే మఫ్లర్ లోపలికి వెళ్ళింది. తీశాను. నూనె కారుతున్న దూది, ఒక్కోటి రేగిపండంత. తెనాలి మొత్తం ఒక్కసారిగా నా చెవుల్లో పడింది. రిక్షా బెల్లులు, బస్సు హారన్లు, ఎదురు హోటల్లో గిన్నెల మోత, అన్నిటి మీదా ఆ ఎర్ర రాక్షసి! గబుక్కున ఆ దూది జేబులో కుక్కుకున్నాను. షాపాయన స్విచ్ ఆపి, స్టూలేసి, గ్లాసుతో మంచినీళ్ళిచ్చాడు.

"చంటిపిల్ల ఉందని ముందే చెప్తే ఎర్రది అసలు ఇచ్చేవాణ్ణి కాదండి" అన్నాడు. ఆయన నవ్వలేదు, నిజంగా పెద్దమనిషి. బజారు మాత్రం నవ్వింది. తప్పయిందని రెండు చేతులూ పట్టుకున్నాను. ఎర్రది వెనక్కి తీసుకుని, పళ్ళ డాక్టర్ల రకమే కట్టిచ్చాడు. ఈసారి ఒట్టి చెవులతో విన్నాను. మా ఇంట్లో ఫ్యాన్ కంటే నెమ్మదిగా ఉంది.

తిరుగు రైల్లో కిటికీ తలుపు పడదు. గాలి తగిలి చెవిలో సూది గుచ్చినట్టయింది. జేబులోంచి దూది తీసి మళ్ళీ పెట్టుకున్నాను. ఈసారి తెలిసే పెట్టుకున్నాను కదా, తీయడం మర్చిపోతానా?

మర్చిపోయాను! ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా షెడ్డులోకి వెళ్ళి ప్లగ్గు పెట్టి ఆన్ చేశాను. ఏమీ వినపడలేదు. ట్యాంకు మీద చెయ్యి వేశాను, అదురుతోంది. నడుస్తోంది! నా మాట నిలబడింది, నా షెడ్డు నిలబడింది! ఆనందం పట్టలేక గోడ దగ్గరికి పరిగెత్తాను.

"ఖాదర్ భాయ్! మిషను ఆన్‌లో ఉంది! చప్పుడు లేదు! ఏమన్నా వినపడిందా?"

ఖాదర్ భాయ్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. నోటి మీద వేలు పెట్టి ఏదో అంటున్నాడు. దూది తీశాను. పాప గుక్కపెట్టి ఏడుస్తోంది.

"మిషను వినపడలేదండి అన్నగారూ. మీరు వినపడ్డారు" అన్నాడు.

ఉయ్యాల రంగు బ్రహ్మాండంగా వచ్చింది లెండి, రేపల్లె వాళ్ళు మెచ్చుకుని మరీ పట్టుకెళ్ళారు. షెడ్డుకి తాళం కూడా పడలేదు. కాకపోతే ఇప్పుడు నేను షెడ్డులోకి వెళ్ళే ముందు రాజ్యం గుమ్మంలో దూది పట్టుకుని నిలబడుతోంది.

"చెవిపోటు తగ్గిందే" అంటే, "ఇది చెవుల్లోకి కాదు, మీ నోట్లోకి" అంటోంది.