అమెరికా పాఠంలో లెవీ గింజలు

నెల్లికుదురు దగ్గర మా ఊళ్లో బడి అంటే ఒక్క గది, ఒక్క పంతులు. అప్పట్లో సర్కారు భాష ఉర్దూ, పుస్తకాలూ ఉర్దూలోనే ఉండేవి. ఆ భాష మాకు నోటికొచ్చేది గాని తలకెక్కేది కాదు. అందుకని పంతులు ముందు చదివి, తర్వాత మన మాటల్లో చెప్పేవాడు. చెప్పింది మేమంతా గొంతు కలిపి అప్పజెప్పాలి. గొంతు తగ్గితే మళ్లీ మొదటినుంచి.

ఒకరోజు అమెరికా స్వాతంత్ర్య యుద్ధం పాఠం వచ్చింది. రాజు పన్ను వేశాడని అక్కడి జనం తేయాకు పెట్టెలు సముద్రంలో పారేశారట. మాలో చాయ్ తాగినవాళ్లు లేరు, సముద్రం చూసినవాళ్లు అసలే లేరు. పంతులు కాసేపు తల గోక్కుని, తేయాకును లెవీ గింజలు చేశాడు, సముద్రాన్ని మా చెరువు చేశాడు, రాజును దొర చేశాడు. సర్కారు లెవీ పేరుతో మా ఇళ్లలో గింజలు ఊడ్చుకుపోతున్న రోజులవి. పాఠం ఒక్క పూటలో నోటికొచ్చింది. తిండిగింజలు నీళ్లపాలు చేయడమొక్కటే మాకు మింగుడుపడలేదు.

అప్పటికే చుట్టుపక్కల ఊళ్లలో దొరలకు ఎదురుగా రైతుల సంఘం లేచింది. దొరలుండే గడీలకు పోలీసుల కాపలా వచ్చింది. మా పంతులు సంఘం మనిషి కాదు. పిల్లలు గలవాడు, నౌకరీ పోతే గంజికి గతిలేనివాడు. ఆయన మీద చాడీ చెప్పినవాడి నోరు పడిపోను, ఒక పొద్దున పోలీసు అమీను జవాన్లతో బడిలోకి వచ్చి, మీ పంతులు ఏం నేర్పాడని మమ్మల్నే అడిగాడు. పెద్దాయన అడిగాడు కదా అని లేచి నిలబడి, పంతులు మెచ్చేలా గొంతెత్తాం.

"దొర జులుం చేస్తే జనం ఎదురు తిరిగిండ్రు. లెవీ గింజలు చెరువుల పారబోసిండ్రు. తుపాకులు పట్టిండ్రు, గెలిచిండ్రు."

పంతులు ముఖంలో నెత్తురు చుక్క లేదు. పుస్తకం తెరిచి, ఇది సర్కారు పుస్తకమే, అమెరికా ముచ్చటే అని చూపాడు. అమీను వేలు పెట్టి చదివి, ఇందులో లెవీ ఎక్కడుంది, చెరువు ఎక్కడుంది అని అడిగాడు. అవి పుస్తకంలో లేవు. మా ఊళ్లో ఉన్నాయి.

మా కళ్లముందే పంతులు చేతులు వెనక్కి విరిచి కట్టారు. నేను నమ్మలేకపోయాను. పాఠం తప్పు చెప్తే కదా దెబ్బలు, సరిగ్గా చెప్తే పంతులును కట్టేస్తారా? ఎవరికీ ఏడుపు కూడా రాలేదు. గడప దగ్గర ఆయన ఆగి మావైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను.

"మంచిగ అప్పజెప్పిండ్రు బిడ్డా. ఇగ ఇండ్లకు పోండ్రి."

ఆయన మళ్లీ మా ఊరికి రాలేదు. తర్వాత నేనూ పంతులునే అయ్యాను. ఆ పాఠం ఏటేటా చెప్పాను గాని, పిల్లల్ని ఒక్కొక్కరినే అప్పజెప్పమనేవాణ్ణి. ఎప్పుడన్నా అందరూ గొంతు కలిపితే నా కళ్లు గడపవైపే పోయేవి.