పావుకప్పు అల్లుడు

మా అల్లుడు దేన్నీ మొత్తంగా అడగడు. కాఫీ కావాలంటే పావు కప్పు అడుగుతాడు. అది తాగి, లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళి మరో పావు. అలా నాలుగు పావులు. మా వీధిలో అతని అసలు పేరు ఎవరికీ తెలియదు. పావుకప్పు అంటే మాత్రం పసిపిల్లలు కూడా మా ఇల్లు చూపిస్తారు.

నా కూతుర్ని కూడా అలాగే అడిగాడు. మొదటిసారి వచ్చి, "ఈ కుర్చీలో కూర్చోవచ్చాండీ?" అన్నాడు. సరేనన్నాను. రెండోసారి, "మంగళవారం కూడా రావచ్చాండీ?" అన్నాడు. దానిదేముంది, రమ్మన్నాను. పదకొండోసారి అతను వచ్చి వెళ్ళాక చూసుకుంటే, పెళ్ళి తేదీతో సహా అన్నిటికీ ఒప్పుకుని ఉన్నాను. ఎక్కడ ఒప్పుకున్నానో ఇప్పటికీ అంతుపట్టదు.

అతని ఉద్యోగం వాతావరణ కబుర్లు చెప్పే ఒక వెబ్‌సైటులో. ఏ పేజీని ఎంతమంది చూశారో, ఎంతసేపు ఉన్నారో లెక్క తీయడం పని. ఆ వెబ్‌సైటులోనే ఒక మూల నాకూ ఓ పేజీ ఉంది. పేరు 'నేటి మేఘం'. చిన్నప్పుడు కాన్వెంటులో, కిటికీలోంచి మబ్బుల్ని చూస్తున్నానని సిస్టర్ నన్ను బెంచీ ఎక్కించేది. బెంచీ ఎక్కితే మబ్బులు ఇంకా బాగా కనిపించేవి. ఆ చదువే ముసలితనంలో అక్కరకొచ్చింది. రోజూ డాబా మీద పడుకుని, ఒక మబ్బును ఏరుకుని, దాని గురించి నాలుగు ముక్కలు రాస్తాను.

ఒక సోమవారం మధ్యాహ్నం అల్లుడు డాబా ఎక్కి వచ్చాడు. ముఖం వానమబ్బులా ఉంది.

"మామయ్యా, చదివేవాళ్ళు లేని పేజీలు శుక్రవారం తీసేస్తారట. మేనేజరమ్మ తీయించిన ఏడాది రిపోర్టులో మీ పేజీకి సున్నా వచ్చింది."

"సున్నా ఏమిటయ్యా! నేనైనా చదువుతున్నానుగా!"

"ఏడాదంతా ఒకేసారి అడిగితే ఆ యంత్రం అన్నీ లెక్కపెట్టదు మామయ్యా. ఓ మెతుకు పట్టి చూసి అన్నం ఉడికిందనేస్తుంది. ఆ మెతుకులో మీరు లేరు."

"అయితే కుండంతా వెతకమను."

"ఒక్కో రోజే విడిగా అడిగితే అంతా లెక్కపెడుతుంది. కానీ రోజుకు వంద ప్రశ్నలు దాటనివ్వదు. మనకున్నవి నాలుగు రోజులు."

"మూడువందల అరవై అయిదు ప్రశ్నలు అడగాలా?"

"అడిగితే పోలా!" అన్నాడు, పావు నవ్వు నవ్వి. అడగడం అతనికి కొత్తా?

అప్పటినుంచి రోజూ ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని నా మంచం పక్కన కూర్చునేవాడు.

"జూన్ నాలుగు, తొమ్మిదిమంది."

"ఆ రోజు తొండం జారవిడుచుకున్న ఏనుగు మబ్బు."

"జూన్ అయిదు, పదకొండు. కాదు, పది. ఒకడు నేనే, లెక్కలోకి రాను."

"నువ్వూ చదువుతావా?"

"ఒకేసారి కాదులెండి. పావు, పావు."

కళ్ళు సగం మూసుకుంటే పది కిటికీలు కనిపించేవి. ఒక్కో కిటికీలో ఎవరో తల పైకెత్తి, నేను నిన్న రాసిన మబ్బును ఇవాళ తమ ఆకాశంలో వెతుక్కుంటున్నారు. బుధవారానికి మేం మనుషుల్ని లెక్కపెడుతున్నామో మబ్బుల్ని లెక్కపెడుతున్నామో నాకు తెలియలేదు. ఒక తెల్లమబ్బు తన అంకె వినడానికి నాలుగు రోజులూ మా డాబా మీదే నిలబడిపోయింది. మా ఇంట్లో ఎవరూ నమ్మరు. మబ్బును అడగండి.

శుక్రవారం నన్నూ ఆఫీసుకు పిలిచారు. మేనేజరమ్మ కాగితాలు తిరగేసింది.

"రోజుకు పదిమందేనా!"

"పదిమందే మేడమ్. కానీ ఏడాదిలో ఒక్క రోజు కూడా మానలేదు. మన తుఫాను పేజీకి లక్షమంది వచ్చి పది సెకన్లలో వెళ్ళిపోతారు. వీళ్ళు పావుగంట కూర్చుంటున్నారు."

"అయితే ఏం చేద్దామంటావ్?"

"ఒక్క వారం ఉంచుదాం మేడమ్."

"వారమేగా. ఉంచు."

ఆ వారం మొదలై మూడేళ్ళయింది. ప్రతి శుక్రవారం అదే ప్రశ్న, అదే జవాబు. ఈమధ్య పదిమంది పదకొండయ్యారు. ఆ పదకొండో మనిషి మేనేజరమ్మేనని అల్లుడి అనుమానం. మొన్న ఆవిడ ఫైల్లోంచి తలెత్తకుండానే, "ఆ ఏనుగుకు తొండం దొరికిందా?" అని అడిగిందట.

ఇంత చేసినవాడు నిండు కప్పు కాఫీ ఎందుకు అడగలేడని ఒకరోజు మా అమ్మాయితో వేళాకోళమాడాను.

అది నవ్వింది. "ఆయన ఆఫీసు నుంచి రాగానే ఎలా ఉన్నావని అడిగితే, బాగానే ఉన్నానంటాను నాన్నా. అది ఏడాది రిపోర్టు. మీ అల్లుడికది చాలదు. రెండో పావుకు వచ్చేసరికి తలనొప్పి సంగతి చెబుతాను. మూడో పావుకు, ఎవరి మీద కోపమొచ్చిందో చెబుతాను. నాలుగోదానికి గానీ అసలు దిగులు బయటికి రాదు. ఆయనకసలు కాఫీ అంటే అంత ఇష్టం కూడా లేదు."

ముప్ఫై అయిదేళ్ళుగా ఆ పిల్లను నేను రోజుకొకసారి ఎలా ఉన్నావని అడిగి, బాగానే ఉన్నానంటే నమ్మి, డాబా ఎక్కి మబ్బులు చూసుకున్నాను.

మర్నాడు సాయంత్రం కప్పు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

"అమ్మాయీ, పావు కప్పు."

"నాన్నా! మీకు డాక్టరు రోజుకు రెండు కప్పులే అన్నాడు."

"అంటే ఎనిమిది పావులు. ఇది మొదటిది. చెప్పు, తలనొప్పి ఎలా ఉంది?"