గుంపులుగా చేరరాదు

నేను మున్సిపాలిటీలో ఇంజనీరుగా చేరిన ఏడాదే ఊళ్లోని పాత సెంటరును బాగుచేసే పని వచ్చింది. సెంటరంటే నాలుగు రోడ్లు కలిసేచోట దొరల కాలంలో కట్టిన రాతి మండపం, దాని చుట్టూ ఖాళీ జాగా. ఒకప్పుడు గుంటూరు వెళ్లే మిరపకాయల బళ్లు అక్కడ ఆగేవట. నేను చేరేనాటికి బళ్లు పోయి ఆటోలు వచ్చాయి. మిరపకోతలకు వెళ్లే ఆడకూలీలు తెల్లవారకముందే వచ్చి, మండపం మెట్ల మీద కూర్చుని ఆటో కోసం ఎదురుచూసేవాళ్లు.

పైనుంచి వచ్చిన ఉత్తర్వు ప్రకారం ఆ జాగా ఆధునిక ప్రజాకూడలి కావాలి. హైదరాబాదు నుంచి ఒక ఆర్కిటెక్టు వచ్చి మండపం చుట్టూ పచ్చిక, ఫౌంటెను, నడిచే బాట, బెంచీలు గీశాడు. జనాన్ని కూడా గీశాడు. అందరూ సన్నగా, పొడుగ్గా ఉన్నారు. ఒకావిడ చంకలో కుక్కపిల్ల ఉంది. మా కమిషనరు గారు బొమ్మను చాలాసేపు చూసి, కుక్కల్ని లోపలికి రానివ్వకూడదన్నారు. ఆయన సూచించిన మార్పు అదొక్కటే.

పనంతా నా చేతుల మీదుగా జరిగింది. మార్టూరు నుంచి గ్రానైటు తెప్పించి నేలంతా పరిపించాను. బెంచీలూ దానితోనే చేయించాను. ఎండాకాలం వాటి మీద ఎవరూ కూర్చోలేకపోయారు. ఫౌంటెను ప్రారంభోత్సవం రోజున పనిచేసింది. చుట్టూ ఇనుప కంచె వేసి, గేటు పెట్టాం. గేటు పక్కన కమిషనరు గారు దగ్గరుండి బోర్డు రాయించారు. పైన పెద్ద అక్షరాలతో ‘ప్రజాకూడలి’ అని, కింద ‘గుంపులుగా చేరరాదు’ అని.

తాళంచెవి వాకింగుకు వచ్చేవాళ్ల సంఘానికి అప్పగించారు. సంఘానికి అధ్యక్షుడు రిటైరైన లెక్కల మాస్టారు. బాగా తెల్లవారాక కాన్వాసు బూట్లతో వచ్చి గేటు తీసేవారు, నడక అయ్యాక వేసేవారు. కూలీలు అంతకుముందే వస్తారు కాబట్టి వాళ్లకు రోడ్డే మిగిలింది. కంచె బయట వరసగా నిలబడి, లారీ వచ్చినప్పుడల్లా కంచెకు అతుక్కుపోయేవాళ్లు.

వాళ్లలో పెద్దదిక్కు ఒకావిడ. రైతులతో మాట్లాడేదీ, ఆటో కుదిర్చేదీ, ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేదీ ఆమే. ఒకరోజు ఫౌంటెను మోటారు చూడటానికి పెందలాడే వెళ్తే నన్ను ఆపింది.

“ఏవమ్మా, ఇది కట్టించింది మీరేనంట గదా. ఎవరి కోసం కట్టించారు?”

“ప్రజల కోసం,” అన్నాను.

“వాళ్లెప్పుడొస్తారు?”

వెటకారమేమీ లేదు. నిజంగానే అడిగింది. కాసేపట్లో మాస్టారు వస్తారని చెప్పాను. సరేనని తలూపింది. ఆ రోజు ఆఫీసులో నాకు ఏ పనీ సాగలేదు.

సాయంత్రం మాస్టారి దగ్గరికి వెళ్లి, గేటు ఇంకాస్త ముందు తీయమని అడిగాను. ఒకళ్లకు తీస్తే అందరికీ తీయాలన్నారు. అందరికీ తీయడానికే కట్టామన్నాను. “మరి గేటు ఎందుకు పెట్టావమ్మా?” అన్నారు. కాఫీ తాగి వచ్చేశాను.

మరుసటి ఏడు, కోసిన కాయ ఎండుతున్న రోజుల్లో అకాల వర్షం పడింది. కాయ ఆరబోసే కల్లాలన్నీ నల్లరేగడి బురదయ్యాయి. మాస్టారికి ఊరి బయట మిరప చేనుంది. తడిసిన కాయను వెంటనే ఆరబెట్టకపోతే బూజు పడుతుంది. ఊళ్లో అంత విశాలంగా, గట్టిగా ఉన్న నేల ప్రజాకూడలి ఒక్కటే. కమిషనరు గారు సెలవులో ఉన్నారు. మాస్టారు నాకు ఫోను చేశారు. నేను వెళ్లేసరికి గేటు బార్లా తీసి ఉంది, లోపల ట్రాక్టరు నిండా తడి కాయ ఉంది.

పరచడానికి రమ్మని మాస్టారు కంచె బయట నిలబడ్డ కూలీలను పిలిచారు. ఒక్కరూ కదల్లేదు.

“గుంపుగా రావద్దని బోర్డు మీద ఉందంట గదా మాస్టారూ,” అంది పెద్దావిడ. “ఒక్కొక్కళ్లం రమ్మంటారా?”

మాస్టారు బోర్డు వైపు చూశారు, మబ్బు వైపు చూశారు, చివరికి ఏం కావాలో చెప్పమన్నారు.

“పొద్దున మేమొచ్చేసరికి గేటు తీసుండాలి. మీరు లేవలేకపోతే తాళంచెవి మాకియ్యండి.”

ఆయన గుత్తిలోంచి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టారు. పారేసుకోవద్దన్నారు.

మబ్బు విడిపోయింది. మిగతా రైతులూ వచ్చారు. మండపం చుట్టూ నేలంతా ఎర్రబడింది. మనుషులు కూర్చోలేని వేడి కాయకు బాగా పనికొచ్చింది. వాకింగు సంఘం వాళ్లు తుమ్ముకుంటూ రెండు చుట్లు తిరిగి ఇళ్లకు వెళ్లిపోయారు. మాస్టారు కూలీల మధ్య మెట్ల మీద కూర్చుని రంగు పోయిన తాలు కాయలు ఏరారు. మంచివాటిని కూడా తాలులో వేస్తున్నారని పెద్దావిడ ఆయన్ని రెండుసార్లు కసిరింది. కమిషనరు గారు సెలవు ముగించుకుని వచ్చి, జీపు దిగి, “ఎవరి పర్మిషన్‌తో...” అని మొదలుపెట్టారు. తుమ్ములు ఆగక ఆ మాట పూర్తికాలేదు. జీపెక్కి వెళ్లిపోయారు.

తాళంచెవిని తిరిగి ఎవరూ అడగలేదు. కొన్నాళ్లకు గేటు వేయడం కూడా మానేశారు. నాకు బదిలీ అయ్యే ముందు ఒక పొద్దున అటు వెళ్తే, పెద్దావిడ చీర కుచ్చిళ్లు దోపుకుని బాట మీద చకచకా నడుస్తోంది. పొద్దంతా చేలో వంగి పనిచేసే మనిషికి మళ్లీ నడకెందుకని అడిగాను. షుగరొచ్చిందని డాక్టరు నడవమన్నాడంది. మాస్టారు నాలుగడుగులు వెనకబడి, ఈసారి మిరప మానేసి పత్తి వేస్తానని ఆమెకు వినపడేలా గట్టిగా చెబుతున్నారు. వేసుకోమని, కానీ పత్తి తీయడానికి తనవాళ్లను పిలవొద్దని ఆమె వెనక్కి తిరగకుండానే అంటోంది.