రూబీకి అన్నం పెట్టిన చెయ్యి

మా పక్కింటి పెద్దాయన పోయారు. పొద్దున్నే పాలతను మా గేటు తట్టి, "టీచరమ్మా, పెద్దాయన పిలిస్తే పలకల్యా. ఆ కుక్క నన్ను లోపలికి రానిస్తా లేదు" అన్నాడు. నేను వెళ్ళి "రూబీ, జరుగమ్మా" అంటే జరిగింది. ఆయన మంచం మీదే, నిద్రలోనే వెళ్ళిపోయారు. కర్నూలు నుంచి అన్నకొడుకు వచ్చి కార్యం జరిపించి, ఇంటికి తాళం వేసి వెళ్ళాడు. పెరట్లో ఉన్న కుక్క గురించి, దాని నాలుగు వారాల పిల్లల గురించి ఎవరూ ఒక్క మాట అడగలేదు.

ఆయన పోలీసు శాఖలో కుక్కలకు తర్ఫీదు ఇచ్చి రిటైరయ్యారు. కడప శివార్లలో మా గోడ పక్కనే ఇల్లు కట్టుకుని, పోలీసులు వాడే మాలినోయిస్ జాతి ఆడకుక్క, ఈ రూబీని పెంచారు. ఇంట్లో ఆయనకూ ఎవరూ లేరు, నాకూ లేరు. గోడకు అటొకరం ఇటొకరం నిలబడి మాట్లాడుకునేవాళ్ళం. సగం పోట్లాటే.

ఈ ఎండల్లోనే, నెల కిందట రూబీ ఈనింది. షెడ్డు చుట్టూ తడిపిన గోనెపట్టాలు కట్టి, ఆయన ఒట్టి బనియనుతోనే మూడు రోజులు అక్కడ కూర్చున్నారు. ఐదు పిల్లలను గుర్తుపట్టడానికి మెడలకు రంగురంగుల ఉన్ని కట్టారు. ఉన్ని నాది. ఉండలు ఉండలే పట్టుకెళ్ళారు, మళ్ళీ ఇస్తే ఒట్టు! పిల్లలు కళ్ళు తెరిచాక రోజూ తెల్లారుతూనే స్టీలు పళ్ళెం ఒకటి బండ మీద దభీమని పడేసేవారు.

"ఏందన్నా ఇది, మనుషులు నిద్రపోవద్దా?"

"భయం ఇప్పుడే పోగొట్టల్ల టీచరమ్మా. రేపు మంగంపేట గనుల కాడ కాపలాకు పోతాయి ఇవి. ఆడ రాళ్ళు పేలుస్తాంటే ఉలిక్కిపడితే ఎట్ల?"

పిల్ల కావాలని ఎవరొచ్చినా ఆయన మొదట అడిగేది ఒకటే, "దీనికి నువ్వేం పని జెప్తావప్పా?" అని. పెద్ద కారులో వచ్చిన ఒకాయన, ఇంటి ముందర కట్టేస్తే అందంగా ఉంటుందన్నాడు. మంచినీళ్ళిచ్చి పంపేశారు. "పని లేకుంటే ఈ జాతికి పిచ్చి లేస్తాది, గోడలు గీకుతాది" అని నాతో అన్నారు. "నేను గూడా రిటైరైనాక ఒక ఏడాది గోడలు చూస్తా కూర్చున్యా" అన్నారు. నేను పొయ్యి మీద పాలున్నాయని లోపలికి వెళ్ళిపోయాను. ఏదో ఒకటి అని ఉండాల్సింది.

ఆయన గొప్పలు పోయే విషయం ఒక్కటే. దొంగలు కాపలా కుక్కకు విషం పెట్టిన మాంసం విసురుతారు కాబట్టి, తన చేత్తో పెట్టిందే తప్ప ఇంకెవరు పెట్టినా ముట్టకూడదని రూబీకి నేర్పారు. ఒకసారి నాచేత మటన్ ముక్క వేయించారు. రూబీ ముక్కను చూడను కూడా చూడలేదు, ఆయన ముఖం వైపే చూసింది.

"చూసినారా! ఆకలికి సచ్చాది గానీ ఇంగొకరి చేతిది ముట్టదు."

ఇద్దరం నవ్వుకున్నాం. పండక్కి ఆయన గోడ మీంచి ఓళిగలు అందిస్తే నేను వద్దన్నప్పుడు కూడా నవ్వేవారు. "ఇంగొకరి చేతిది ముట్టగూడదని మీకెవురు నేర్పినారు టీచరమ్మా?" అని.

ఆకలికి చచ్చినా ముట్టదన్న ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది. కుక్కల గురించి అంత తెలిసిన మనిషికి, తనూ ఒకరోజు పోతాడన్న సంగతి తోచలేదా? మూడు రోజులు రూబీ మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. సంగటి పెట్టాను, కోడిగుడ్లు పెట్టాను, ఆయన రోజూ పెట్టే గిన్నెలోనే పెట్టాను. ముఖం తిప్పుకుని, తాళం వేసిన తలుపు వైపు చూసేది. పాలు తగ్గిపోయి పిల్లలు కీచుకీచుమని ఏడ్చాయి. పశువుల డాక్టరొచ్చి సూది వేసి, "తినకుంటే కష్టమమ్మా" అని చెప్పిపోయాడు. నేను మా వైపు గోడ పక్క గట్టు మీద కూర్చుని, ఉన్నవాడు ఉన్నట్టు పోయినందుకు ఆయనను నోటికొచ్చినట్టు తిట్టాను. గోడకు అటువైపు నుంచి జవాబు లేకపోవడం అప్పుడే నాకు పూర్తిగా తెలిసింది.

నాలుగో రోజు, కనీసం పిల్లలైనా బతకాలని, మేకపాలలో రాగిగంజి కాచి పళ్ళెంలో పోసి వాటి ముందు పెట్టాను. వాటికింకా ఎవరూ ఏమీ నేర్పలేదు. కాళ్ళు, చెవులు, మూతులు అన్నీ ముంచేసి జుర్రుకున్నాయి. రూబీ లేచి మెల్లగా వచ్చింది. పళ్ళేన్ని దాటి, నా చేతిని దాటి, ముందున్న పిల్ల మూతిని శుభ్రం చేయడం మొదలుపెట్టింది. తర్వాత చెవులు, తర్వాత కాళ్ళు. తల్లి కదా, కడుగుతోంది అనుకున్నాను. దాని గొంతు కదలడం కాస్త ఆలస్యంగా చూశాను.

మింగుతోంది. నేను పెట్టింది కాదు, పిల్లలకు అంటుకున్నది.

రెండో పిల్లనూ నాకేసి, ఇంకా ఉందా అన్నట్టు అక్కడే నిలబడింది. నేను ఏడుస్తూనే గరిటెడు గంజి తీసి మూడో పిల్ల నెత్తిన పోశాను.