మూడో అచ్చు

ముందే ఒప్పేసుకుంటున్నాను, నా మాటల్లో సగం పొంగే. వీధిలో పిల్లిని చూసి వచ్చి పులి అని చెప్పడం నాకు చిన్ననాటి అలవాటు. మా ఇంట్లోవాళ్ళు నేనేం చెప్పినా పదితో భాగించి వింటారు. మీరూ అలాగే వినండి.

మొన్న మా అమ్మాయి రావి ఆకుకు రంగు పూసి, కాగితం మీద అద్ది, ఒక్క అచ్చు తీసి, ఫోనులో ఫోటో కొట్టి, ఆకును చెత్తబుట్టలో పడేసింది. ఇంకో రెండు తీయవే అంటే, "ఎందుకు డాడీ, వచ్చింది కదా!" అంది. నిజమే, వచ్చింది. నేను మాత్రం లేచి వెళ్ళి ఆ ఆకును బుట్టలోంచి తీసి, తుడిచి, బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను.

మా మేనత్త మెదక్‌లో డ్రాయింగ్ టీచరు. చర్చి గోపురం కనబడే సందులో ఒక్క గది కిరాయికి తీసుకుని ఉండేది. ఊళ్ళోకి కేబుల్ టీవీ కొత్తగా వచ్చి, పిల్లలంతా దాని ముందు నోళ్ళు తెరుచుకుని కూర్చున్న రోజుల్లో, నేనొక్కణ్ణే ఆమె దగ్గర చేరి ఆకుల అచ్చు నేర్చుకున్నాను. సైకిలు ట్యూబు చుట్టిన చపాతీ కర్ర మా రోలరు, ప్రెస్సులో అడిగి తెచ్చిన నల్లటి సిరా మా రంగు. ఆకు వెనకవైపు, ఈనెలు ఉబ్బిన వైపు సిరా పూసి, కాగితం పరిచి, చెంచా వీపుతో రుద్దాలి. మేం తెచ్చిన టేకాకు ఇద్దరు కప్పుకుని పడుకోవచ్చు, అంత ఉండేది. రుద్దీ రుద్దీ నా బొటనవేలు ఒక అంగుళం అరిగింది.

సిరా ఒక్కసారే పూసి వరసగా మూడు అచ్చులు తీయాలన్నది ఆమె నియమం. నేనేమో మొదటిది రాగానే దాన్ని జెండాలా ఎత్తి పట్టుకుని సందంతా పరుగెత్తేవాణ్ణి. ఆమె గుమ్మంలోంచి కేకేసేది. "ఫస్టుది మసి కక్కుతది, రెండోది సిగ్గుపడ్తది, మూడోదే నిజం చెప్తది అల్లుడా! జర ఆగరాదు, రైలేమన్న పోతుందా?" మెదక్‌కు అప్పటికి రైలే లేదు. ఆ మూడో అచ్చులో వెంట్రుక కన్నా సన్నని ఈనెలు కూడా తేలేవి. దాన్ని చూసి ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకునేది.

నేను పెద్దవాణ్ణయి బస్టాండు దగ్గర ఫ్లెక్సీల దుకాణం పెట్టుకున్నాను. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో సభలకు వేసిన నా ఫ్లెక్సీలు కలిపి కుడితే మంజీర మీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పందిరి వేయొచ్చు. అప్పుడే మేనత్త కిడ్నీలు చెడి హైదరాబాదు దవాఖానాలో పడింది. ఓ పొద్దున ఫోన్ చేసింది. "ఈడంత మందుల వాసనే రా. మోదుగాకు అచ్చొకటి తీస్కరా అల్లుడా, సూడబుద్దయితుంది."

ఆ మధ్యాహ్నానికే ఒకటి తీశాను. పచ్చి ఆకు, సిరా ముద్దగా దిగింది, రెండోదానికి చిరిగిపోయింది. నాలుగు గంటల బస్సుకు టైముంది. కానీ ఈ మసి కక్కినదాన్ని ఆమె ముందు పెట్టాలా? జన్మలో మొదటిసారి ఆగాను. ఇంకో ఆకు తెచ్చి, పాత పేపర్ల మధ్య బరువు కింద పెట్టి, మర్నాడు పొద్దున అచ్చు తీశాను. మూడోది అద్భుతంగా వచ్చింది.

ఆ రోజు బంద్. బస్సుల్లేవు. స్కూటరు మీద బయల్దేరితే నర్సాపూర్ దగ్గర ఉద్యమం వాళ్ళ వంటావార్పు, రోడ్డు నిండా పొయ్యిలు. "యాడికన్నా? కూసోండ్రి, బువ్వ తినిపోండ్రి" అంటూ నన్ను రోడ్డు మీదే కూర్చోబెట్టి విస్తరి వేశారు. మోదుగ విస్తరి. మా అత్త దవాఖానాలో ఉందంటే, "రెండు గంటలకు రోడ్డిడుస్తరే, పరేషాన్ గాకు" అన్నారు. వాళ్ళు పట్టుకున్న ఫ్లెక్సీ నేను వేసిందే. ఎవర్ని కోప్పడను?

సాయంత్రానికి వార్డు చేరాను. ఆమె అచ్చును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, "మూడోదేనా?" అంది. అవునన్నాను. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

టేకాకు దుప్పటంత లేదు. నా బొటనవేలు నిక్షేపంగా ఉంది. ఆ ఫ్లెక్సీలు మంజీరకు కాదు కదా, పక్క వాగుకు కూడా చాలవు. అవన్నీ పొంగు, కల్పన కాదు. నేను కల్పించింది ఒక్కటే. ఆమె ఆ అచ్చు చూడలేదు. నేను వెళ్ళేసరికి మంచం మీద దుప్పటి ముఖం దాకా కప్పి ఉంది, కళ్ళద్దాలు పక్కన బల్ల మీద ఉన్నాయి.

మా దుకాణంలో ఉన్నది ఫ్లెక్సీ మిషన్. మొదటిదీ వెయ్యోదీ ఒకేలా దిగుతాయి, దేనికీ ఆగక్కర్లేదు. ఆ మసి కక్కిన మొదటి అచ్చును మాత్రం గల్లాపెట్టె వెనక గోడకు తగిలించుకున్నాను. నాలుగు గంటల బస్సులో దాన్నే తీసుకెళ్ళి ఉంటే, గదేందిరా అని వార్డంతా వినబడేలా తిట్టేది. ఆ తిట్లు తినలేదు నేను. మా అమ్మాయికి ఇంకో రెండు అచ్చులు తీయమని చెప్పాలో, వచ్చిందే చాలు పరుగెత్తమని చెప్పాలో నాకు నిజంగా తెలియదు.