నెత్తురిచ్చేదానికి బొట్టు పెట్టిన పిలుపు

ఆవణి నెల, అంటే మన శ్రావణమప్పుడు, ఒక బుధవారం, పొద్దున ఏడున్నర. ఆ రోజుల్లో నేను చిన్నపిల్లను అంటే నవ్వద్దు. వయసు అరవై రెండే గాని, అక్షరాలు దిద్ది రెండేండ్లే. ఆ లెక్కకు బాల్యమే కదా. పిల్లల మాదిరే అన్నిట్లోనూ తల దూర్చేదాన్ని.

మా మనవరాలు కోయంబత్తూరులో రొమ్ము క్యాన్సరు మీద పరిశోధన చేస్తా ఉండింది. నా తోటికోడలికి ఆ జబ్బే. సూది చూస్తే కండ్లు మూసుకునే మనిషి, దానికోసం నెత్తురిచ్చింది. "నెత్తురులో మైక్రో ఆర్‌ఎన్‌ఏలని సన్న తునకలుంటాయి అవ్వా. అవి తాము ఏమీ తయారు చెయ్యవు, కణంలో ఏ పని ఆగాలో చెప్తాయి. కొన్ని నోరు మూసుకున్నా, కొన్ని ఎక్కువ అరిచినా గడ్డ వేరే చోట్లకు పాకుతుంది" అన్నది మనవరాలు.

"తాను చెయ్యదు, ఇంకొకరిని చెయ్యనియ్యదు. అత్తగారే కదా!" అన్నాను.

"మన అత్త బతికుంటే ఈ గడ్డ మొలిచేదానికే భయపడుండును" అన్నది తోటికోడలు.

ఏ తునక దారి తప్పిందో తెలియాలంటే జబ్బు లేని ఆడోళ్ళ నెత్తురు పక్కన పెట్టి చూడాలంట. ఎవరిస్తారు? మనవరాలు పనిచేసే ఆ క్యాన్సరు ఆస్పత్రిలో కాలు పెడితే 'దీనికీ వచ్చింది' అంటారని మా వీధిలో భయం. తోటికోడలి గడప తొక్కడమే మానేసినారు. "నా నెత్తురు కూడా నా మాదిరే ఒంటరిగా కూర్చోనుంది అక్కా" అన్నదామె.

నాకు రోషం వచ్చింది. కుంకుమ భరిణె తీసుకొని, పెండ్లికి మాదిరి ఇంటింటికీ పొయ్యి బొట్టు పెట్టి, "నెత్తురిచ్చేదానికి రండి, ఇష్టం లేకుంటే ఇప్పుడే చెప్పేయండి" అన్నాను. (బొట్టు పెట్టించుకొని రాననే ఆడది మాలో ఉందా?)

వచ్చినారు. పట్టుచీరలతో, పూలతో, ఒకామె టెంకాయతో కూడా! మనవరాలు ఒక్కొక్కరినీ "ఇష్టంతోనే కదా?" అని అడిగితే, ఎదురింటి వదిన, "కాకుంటే పట్టుచీర కడతానా? అది సరే, టిఫిన్ ఎక్కడ?" అన్నది. నెత్తురిచ్చేవరకు తినకూడదని చెప్పడం నేను మరిచే పోయినాను. పెండ్లి టిఫిన్ ఉంటుందని అందరూ పరగడుపునే వచ్చినారు, బతికిపోయినాను.

చివరకు నేను చెయ్యి చాచితే, "నీకు చక్కెర జబ్బుంది, నీది వద్దవ్వా" అన్నది మనవరాలు. పెండ్లికి పిలిచినదానికే విస్తరాకు వెయ్యలేదు!

ఇప్పుడు తలుచుకుంటే నా పెత్తనానికి నాకే నవ్వొస్తుంది. ఆ తునకల సంగతి మనవరాలు ఇంకా వెతుకుతానే ఉంది. ఆ పొద్దు అక్కడున్నది ఎదురింటి వదిన, టెంకాయ పెద్దమ్మ, తుడియలూరు పినతల్లి, నా చిన్నాడబిడ్డ, మనవరాలు, నేను. నడుమ కుర్చీలో నా తోటికోడలు, వెంట్రుకల్లేని తలకు కట్టుకున్న గుడ్డమీద అందరూ తలా మూర మల్లెలు చుడుతుంటే, "చాల్లేండి, మెడ ఒరిగిపోతుంది" అని కసురుకుంటా.