ఎదురుగాలిలో ఒక్కటే డ్రోను

సుజాత ఫోన్ చేసేసరికి నేను కాలేజీ స్టాఫ్ రూములో జవాబు పత్రాలు దిద్దుతున్నాను. శుక్రవారం తమ డ్రోనుకి సముద్రం మీద పరీక్ష ఉందనీ, రక్షణ శాఖ తరఫున అధికారులు వస్తున్నారనీ చెప్పింది. "అటో ఇటో అయితే పక్కన నా మనిషంటూ ఒకరుండాలే. రా" అంది. డిగ్రీలో మూడేళ్ళు ఒకే హాస్టల్ గదిలో ఉన్నవాళ్ళం. సుజాత ఎవరినీ ఏదీ అడిగే రకం కాదు. రాజమండ్రిలో చరిత్ర పాఠాలు చెప్పుకునే నాకు డ్రోన్ల గురించి తెలిసింది సున్నా. అయినా సెలవు పెట్టి, గురువారం పొద్దున్నే విశాఖ వెళ్ళే ఎక్స్‌ప్రెస్ ఎక్కేశాను.

ఈ దారిన వెళ్ళేవాళ్ళకి ఒక మాట. గాజువాక వైపు పని ఉంటే విశాఖ స్టేషన్ దాకా పోనక్కర్లేదు, దువ్వాడలో దిగొచ్చు. అన్ని బళ్ళూ అక్కడ ఆగవు కాబట్టి టికెట్ తీసుకునేటప్పుడే చూసుకోవాలి. ఎడమ చేతి వైపు కిటికీ దొరికితే తుని దాటాక కొండలు చాలాసేపు వెంట వస్తాయి.

నా ఎదుటి సీట్లో అనకాపల్లి వెళ్ళే పెద్దావిడ కూర్చుంది. కడియం నర్సరీలో కొన్న గులాబి మొక్కల్ని కాళ్ళ మధ్య పెట్టుకుని, బండి కుదిపినప్పుడల్లా వాటిని పట్టుకుంటోంది. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"డోనంటే పెల్లిల్లో ఈడియోలు తీసీదే గదమ్మా. దానికి మిలట్రీవోల్లెందుకు?"

సముద్రంలో ఎవరైనా పడిపోతే, పడవ చేరేలోగా ఇది గాలిలో వెళ్ళి తేలే ట్యూబు అందిస్తుందని నాకు తెలిసినంతలో వివరించాను. ఆవిడ మొక్కల్ని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. తర్వాత వాళ్ళ ఆడపడుచు భర్త వేటకెళ్ళి తిరిగి రాలేదని, పడవ మాత్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిందని చెప్పింది. దిగేటప్పుడు నా చెయ్యి నొక్కి, "బాగా ఎగరాలని సెప్పమ్మా" అంది.

పదకొండు గంటలకి దువ్వాడలో దిగాను. బయట షేర్ ఆటోలు సిద్ధంగా ఉంటాయి. కూర్మన్నపాలెం కూడలి మీదుగా గాజువాక తీసుకెళ్ళి దింపుతారు. సామాను ఎక్కువుంటే మటుకు వేరే ఆటో మాట్లాడుకోవడం మంచిది. నా ఒళ్ళో సగం బ్యాగు, సగం ఎవరిదో క్యారేజీ.

సుజాత వాళ్ళ షెడ్డు లారీ బాడీలు కట్టే దుకాణాల వెనక ఉంది. సుత్తి దెబ్బల మోత ఆగదు. లోపల బల్ల మీద డ్రోను ఉంది. వెడల్పు ఒక మడత మంచమంత. ఆరు చేతులు, ఒక్కో చేతి చివర ఒక మోటారు, మధ్యలో బ్యాటరీ, పొట్ట కింద మడిచి కట్టిన ఎర్రటి ట్యూబు. పెట్రోలు చుక్క అక్కర్లేదు. పొగ రాదు.

పైడిరాజు దాని పక్కన నిలబడి ఒక్కొక్క మోటారునీ వేలితో తిప్పి చూస్తున్నాడు. ఇతను సుజాత భాగస్వామి. బొబ్బిలి దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం. డిప్లొమా చదివి, ఎలక్ట్రిక్ స్కూటర్ల బ్యాటరీలు కట్టే చోట పనిచేస్తూ సుజాతకి పరిచయమయ్యాడు. సుజాత అంతకు ముందు బెంగుళూరులో విమానాల సాఫ్ట్‌వేర్ రాసేది. భర్తకి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం కాబట్టి ఇక్కడికి వచ్చేసింది. ప్రోగ్రాము రాత ఆమెది, బ్యాటరీ అతనిది. ఆమెని అతను 'అప్పా' అంటాడు. అటువైపు వాళ్ళు అక్కని అలాగే పిలుస్తారు.

యుద్ధం వస్తే శత్రువు ముందుగా శాటిలైట్ సిగ్నల్‌ని కమ్మేస్తాడట. దారి చూపే సిగ్నల్ పోతే మామూలు డ్రోన్లు గుడ్డివైపోతాయి. ఇది మాత్రం కింద ఉన్న కెమెరాతో ఒడ్డునీ, రాళ్ళనీ, అలల తీరునీ చూసుకుంటూ తన దారి తను పోల్చుకుంటుంది. నీళ్ళలో మనిషి కనబడితే గుర్తుపడుతుంది. కంప్యూటరులో దీనికి కవల లాంటిది ఒకటి ఉంది. గాలి, ఎండ, బరువు మార్చి మార్చి ముందు దాన్ని ఎగరేసి చూసి, ఆ తర్వాతే అసలుదాన్ని బయటికి తీస్తారు.

చరిత్ర చెప్పేదాన్ని కదా, ఊరుకోలేకపోయాను. ట్యూబు మోసేది బాంబూ మోస్తుంది కదా అన్నాను.

సుజాత తడుముకోలేదు. "మోస్తుందే. మోయదని నీకు అబద్ధం చెప్పను. అందుకే దీనితో మొట్టమొదట ట్యూబే మోయించాలని పట్టుబట్టాం. ఆ తర్వాత మా చేతిలో ఎంత ఉంటుందో తెలీదు."

పైడిరాజు భయం వేరే. ముందు కట్టినది వానాకాలంలో విరిగిపోయింది. "ఇదొక్కటే ఉందండి. ఇది పోతే మల్లీ కట్టడానికి మా దగ్గర ఏటీ నేదు" అన్నాడు నాతో, సుజాతకి వినబడేలా.

ఆ రాత్రి ఉక్కునగరంలో సుజాత వాళ్ళ క్వార్టర్స్‌లోనే బస. వెడల్పైన రోడ్లు, చెట్లు, షిఫ్టు మారే వేళకి బారులు తీరే మోటారు సైకిళ్ళు. వంజరం చేప పులుసుతో అన్నం తిని తొందరగానే పడుకున్నాం. సుజాత నిద్రపోయిందని మాత్రం నేననుకోను.

శుక్రవారం ఆరున్నరకల్లా వ్యానులో బయలుదేరాం. గాజువాక నుంచి రుషికొండ వెళ్ళాలంటే ఊరంతా ఈ చివర నుంచి ఆ చివరకి దాటాలి. సిటీ బస్సులో అయితే గంటన్నర పైనే పెట్టుకోండి. ఏడు దాటితే ట్యాంకర్ల వెనక ఇరుక్కుంటారు. రుషికొండ దగ్గర ఐటీ ఆఫీసుల ఎదురుగా బండి మీద పెసరట్టు ఉప్మా తిన్నాం. అంటే నేను తిన్నాను, వాళ్ళిద్దరూ టీతో సరిపెట్టారు.

అక్కడి నుంచి ఇంకాస్త ముందుకెళితే జనం తిరగని ఒడ్డు ఉంది. అధికారులు అప్పటికే షామియానా వేయించారు. వాళ్ళ పెద్ద ఒక పొడుగాటి ఆవిడ. హిందీ, ఇంగ్లీషు కలిపి తక్కువగా మాట్లాడుతుంది. అప్పలరాజు అనే మత్స్యకారుడు తన పడవలో మనిషంత బొమ్మని తీసుకెళ్ళి, ఒడ్డు నుంచి చూస్తే చుక్కలా కనబడేంత దూరంలో నీళ్ళలో వదిలాడు. మిగతా పడవలు ఆ దారి నుంచి తప్పుకునేసరికి పది దాటింది. అప్పటికి సముద్రం మీంచి గాలి లేచింది. షామియానా గుడ్డ టపటపా కొట్టుకోవడం మొదలెట్టింది.

డ్రోను లేచింది. నేననుకున్నంత చప్పుడు లేదు, తేనెటీగల తుట్టె కదిలినట్టుంది. అధికారులు శాటిలైట్ సిగ్నల్ అందకుండా చేశారు. అది గాలిలో ఒక్క క్షణం ఆగి, ఇటూ అటూ ఊగి, తిన్నగా నీళ్ళ మీదికి వెళ్ళింది. సుజాత ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినబడింది.

ఎదురుగాలి తోస్తోంది. తెర మీద బ్యాటరీ గీత తరిగిపోతోంది. కవల ఎగిరినప్పుడు ఇంత వేగంగా తరగలేదని తర్వాత చెప్పారు. బొమ్మ ఇంకా ముందే ఉంది. అప్పుడు తెర మీద డ్రోనే ఒక ప్రశ్న వేసింది: వెనక్కి రానా? ఎవరూ జవాబివ్వకపోతే కాసేపట్లో తనంతట తనే తిరిగి వచ్చేస్తుంది.

"అప్పా, వచ్చీమను" అన్నాడు పైడిరాజు. "ఇంకో రోజు సూసుకుందాం. ఎల్లిందంటే తిరిగి రాదు."

సుజాత చెయ్యి తెర మీద ఆగిపోయింది.

"రాజూ, అక్కడున్నది బొమ్మ కాదనుకో."

"బొమ్మే కదప్పా."

"కాదనుకో" అని మళ్ళీ అంది. పైడిరాజు అటు చూశాడు, ఆమె మొహం చూశాడు. తెర ముందు నుంచి పక్కకి జరిగాడు. సుజాత 'వద్దు' నొక్కింది.

డ్రోను ముందుకే పోయింది. బైనాక్యులర్స్ పట్టుకున్న అధికారి ఒకరు చెయ్యెత్తారు. ట్యూబు జారి, నీళ్ళు తగలగానే ఉబ్బి, బొమ్మ భుజం పక్కనే తేలింది. షామియానాలో ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. మావాళ్ళిద్దరూ కొట్టలేదు. డ్రోను వెనక్కి తిరిగింది. ఇప్పుడు గాలి సాయమే అయినా దానికి ఓపిక మిగల్లేదు. అలలు విరిగే చోటుకి కాస్త అవతల కిందికి దిగుతూ దిగుతూ, ఎవరో చేత్తో పెట్టినట్టు నెమ్మదిగా నీళ్ళలో కూర్చుని, ఒక పక్కకి ఒరిగి మునిగింది.

పైడిరాజు బూట్లతోనే నీళ్ళలోకి పరిగెత్తాడు. అప్పలరాజు పడవ తిప్పుకొచ్చి, ఇంకో ఇద్దరితో కలిసి దాన్ని పైకి లాగాడు. ఒడ్డున దింపుతూ పైడిరాజుతో వరస కలిపి, "బావా, నీల్లు తాగీసింది. ఐనా పనైతే సేసీసింది కదేటి" అన్నాడు. పైడిరాజు ఇసకలో కూర్చుని, అలల దెబ్బకి విరిగిన డ్రోను చేతిని పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

ఆ పెద్ద అధికారి సుజాతని పక్కకి పిలిచి, వెనక్కి రప్పించే వీలున్నా ఎందుకు రప్పించలేదని అడిగింది. ఇది మనిషి కోసం చేసినది, మనిషి దగ్గర దాకా వెళ్ళి ట్యూబు ఇవ్వకుండా వెనక్కి రాకూడదనిపించింది అని సుజాత చెప్పింది. ఆవిడ బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు. డ్రోనులోని రికార్డు మాత్రం తీసుకుని, కబురు చేస్తామని వెళ్ళిపోయింది.

డ్రోనుని వ్యానులోకి ఎక్కించి తిరుగు దారి పట్టాం. గాజువాకలో ఒక మెస్సు ముందు ఆపి భోజనానికి కూర్చున్నాం. పప్పు, వంకాయ వేపుడు, చారు. విస్తట్లో అన్నం కెలుకుతూ పైడిరాజే ముందు నోరు విప్పాడు.

"అప్పా, నాను సెప్పింది తప్పు కాదు."

"కాదు" అంది సుజాత.

"నువ్వు సేసిందీ తప్పు కాదు. అందుకే తిండి సయించట్లేదు."

సుజాత అప్పుడు ఏడ్చింది. పక్క బల్లల వాళ్ళు చూస్తున్నా ఆగలేదు. పైడిరాజు మజ్జిగ గ్లాసు ఆమె ముందుకి జరిపి, తనూ తినడం మొదలెట్టాడు.

శనివారం పొద్దున షెడ్డులో అతను మోటార్లని మంచినీళ్ళతో కడుగుతుండగా అధికారుల నుంచి ఫోన్ వచ్చింది. సిగ్నల్ లేకుండా వెళ్ళడం, మనిషిని పోల్చడం, ట్యూబు అందించడం నెగ్గాయి. తిరిగి రావడం నెగ్గలేదు. ఇంకో పరీక్ష పెడతారు. ఈసారి కట్టడానికి వాళ్ళూ కొంత చెయ్యి వేస్తారు. సుజాత ఆ మాటలు రెండుసార్లు చెప్పింది. పైడిరాజు కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకోకుండా అలాగే నిలబడ్డాడు.

సాయంత్రం నన్ను దువ్వాడ స్టేషనుకి ఇద్దరూ వచ్చి దింపారు. దారి పొడుగునా ఒకటే వాదన. ఇకనుంచి బ్యాటరీ తగ్గితే ఎవరినీ అడక్కుండా వెనక్కి వచ్చేసేలా రాయమంటాడు అతను. 'వెనక్కి రానా' అని అడగడం మానిపిస్తే డ్రోను మీంచి తన పేరు తీసెయ్యమంటుంది ఆమె. బండి వచ్చింది, ఎక్కాను, కిటికీ దగ్గర కూర్చున్నాను. నాకు చెయ్యి ఊపి మళ్ళీ ఆ వాదనలోకే వెళ్ళిపోయారు.

బండి కదిలాక కూడా ప్లాట్‌ఫాం మీద సుజాత వేలు ఎత్తి ఏదో చెబుతోంది, పైడిరాజు తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆ యంత్రం ఎంత తెలివైనదో తేల్చే చదువు నాకు లేదు. రేపు అది ఎవరి చేతిలో పడుతుందో అన్న భయమూ పోలేదు. కానీ వెనక్కి వచ్చే ముందు అది మనిషిని అడగాలా వద్దా అన్న సంగతి దాన్ని చేసేవాళ్ళకి ఇంకా తెగలేదు. తెగేదాకా వదలరు కూడా. అనకాపల్లి దాటేవరకూ అదే తలుచుకుంటూ కూర్చున్నాను, మనసు నిమ్మళంగా.